నీ వంతు వచ్చింది... లే!

కాలువ కింద వ్యవసాయం చేసిన ఇళ్లలో 'వంతు' అన్న మాటకున్న బరువేమిటో అందరికీ తెలుసు. రాత్రి రెండింటికి నీళ్ల వంతు వచ్చిందంటే రెండింటికే లేవాలి. చలిగా ఉందనో, నిద్ర వస్తోందనో అంటే నీళ్లు ఆగవు. 'బావా, లే... నీళ్లొచ్చాయి' అని పక్క పొలం మనిషి తట్టి లేపితే, బ్యాటరీ లైటు పట్టుకుని గట్టు మీద నడవాల్సిందే. ఆ మనిషి అప్పటిదాకా మేలుకుని ఉన్నాడు కాబట్టే ఇతను కాసేపు కన్ను మూయగలిగాడు. ఇప్పుడిక ఇతను మేలుకుంటే అతను పడుకుంటాడు.

అచ్చంగా ఇలాంటి వంతుల మీదే నడిచే ఆట ఒకటుంది. అందులో పొలం ఉండదు, నీళ్లుండవు. కొండదారి ఉంటుంది, లావు టైర్ల సైకిళ్లుంటాయి, జట్టుకు నలుగురు మనుషులుంటారు. శనివారం మధ్యాహ్నం 12 గంటలకు మొదలైతే ఆదివారం మధ్యాహ్నం 12కి ముగుస్తుంది. ఆ 24 గంటలూ జట్టు తరఫున ఎవరో ఒకరు దారి మీద ఉండాలి. ఒకరు చుట్టు పూర్తిచేసుకుని రాగానే ఇంకొకరు బయల్దేరాలి. ఎక్కువ చుట్లు తిరిగిన జట్టుదే గెలుపు. అదే మౌంటెన్ బైక్ రిలే!

కార్ల నుంచి సైకిళ్లకు

ఈ ఆలోచన మొదట కార్లది. ఫ్రాన్స్‌లోని లెమాన్స్‌లో 1923 నుంచీ 24 గంటల కారు పందెం జరుగుతోంది. డ్రైవర్లు వంతులవారీగా కారు నడుపుతారు. మనుషులు మారతారు కానీ కారు మాత్రం రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది. అదే పద్ధతిని కొండ సైకిళ్లకు తెచ్చిపెట్టాడు లెయిర్డ్ నైట్ అనే అమెరికన్. 1992లో వెస్ట్ వర్జీనియా కొండల్లో '24 అవర్స్ ఆఫ్ కనేన్' పేరుతో పోటీ నిర్వహించాడు. రాళ్లు, చెట్ల వేళ్లు, బురద నిండిన దారి అది. పగలే కష్టమనిపించే ఆ దారిలో రాత్రిపూట సైకిలు తొక్కడమా... అని ఆశ్చర్యపోయినవారే తర్వాత జట్లు కట్టారు.

నైట్ తన సంస్థకు పెట్టుకున్న పేరు కూడా సరదాగా ఉంటుంది. 'గ్రానీ గేర్'... అంటే అమ్మమ్మ గేరు! సైకిలులో అన్నిటికన్నా తేలికైన గేరుకు తొక్కేవాళ్లు పెట్టుకున్న ముద్దుపేరది. ఎంత నిటారు ఎత్తయినా ఆ గేరులో వేస్తే నెమ్మదిగానైనా పైకి చేరుకోవచ్చు. ఆ సంస్థే ఉటా రాష్ట్రంలోని మోయబ్ ఎర్రరాళ్ల మధ్యా ఇలాంటి పోటీని ఏళ్ల తరబడి నిర్వహించింది. అక్కణ్నుంచి ఈ ఆట సముద్రాలు దాటింది. స్కాట్లాండ్‌లో అయితే 'స్ట్రాత్‌పఫర్' పేరుతో ఏకంగా జనవరి చలిలోనే పెట్టారు. ఆ కాలంలో అక్కడ 24 గంటల్లో 17 గంటలు చీకటే!

జేబులో దువ్వెన ఎందుకు?

అమెరికాలో పేరున్న ఈ తరహా పోటీల్లో '24 అవర్స్ ఇన్ ది ఓల్డ్ ప్యూబ్లో' ఒకటి. అరిజోనా రాష్ట్రంలో టుసాన్ నగరానికి ఉత్తరంగా, ఎడారిలో జరుగుతుంది. ఫిబ్రవరిలో ఆ పోటీ పేరు చెప్పుకుని ఎడారి మధ్యలో ఓ గుడారాల ఊరు వెలుస్తుంది. టెంట్లు, వ్యాన్లు, గ్యాస్ పొయ్యిలు, పిల్లలు, కుక్కలు... మన జాతరను తలపించే హడావుడి. రెండు రోజుల తర్వాత చూస్తే అక్కడ మళ్లీ మట్టీ ముళ్లూ మాత్రమే.

చుట్టు దాదాపు 26 కిలోమీటర్లు. ఆకాశాన్నంటే కొండలేమీ ఉండవు కానీ, ఒక సైకిలు మాత్రమే పట్టే సన్నదారి, దానికి రెండు పక్కలా ముళ్లచెట్లు. వాటిలో చోయా అనే జాతి ఉంది. మన నాగజెముడుకు దగ్గరి చుట్టం. దాని ముక్కలు అలా తగిలితే చాలు, చెట్టునుంచి ఊడి వచ్చి ఒంటికి అతుక్కుంటాయి. ఎగిరి దూకి కరిచినట్టే ఉంటుంది కాబట్టి 'దూకే చోయా' అంటారు. ముళ్లకు వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి. చేత్తో లాగితే చేతికే గుచ్చుకుంటాయి. అందుకే తెలిసినవాళ్లు జేబులో దువ్వెన పెట్టుకుని వెళతారు. దువ్వెన పళ్లు ముక్క కింద దూర్చి ఒక్క విసురు విసిరితే అది ఎగిరి పడుతుంది.

ఆరంభం కూడా లెమాన్స్ పాత పద్ధతిలోనే. తుపాకీ పేలగానే ఎవరూ సైకిలు ఎక్కరు. బూట్లతో పరిగెత్తుకుంటూ వెళ్లి, తమ సైకిళ్లు వెతుక్కుని అప్పుడు ఎక్కుతారు. చూసేవాళ్లకు వినోదం. అసలు కారణం వేరు... వందలమంది ఒకేసారి సన్నదారిలోకి దూరకుండా, పరుగులోనే ముందువాళ్లు ముందు, వెనకవాళ్లు వెనక సర్దుకుంటారు.

ఇరవై నిమిషాల బరువు

ఈ ఆట లోపల ఏం జరుగుతుందో తెలియాలంటే కాస్త లెక్క వేయాలి. ఓ జట్టును ఊహించుకుందాం. ముగ్గురు మగవాళ్లు, ఒక మహిళ. ఇలాంటి కలగలుపు జట్లకు ఈ పోటీల్లో విడిగా ఒక విభాగమే ఉంటుంది. మొదటి ముగ్గురికీ చుట్టుకు గంటంబావు పడుతుంది. నాలుగో నంబరు ఆమెది. నలభై దాటాక సైకిలు పట్టిన ఇల్లాలు. ఆమెకు 95 నిమిషాలు కావాలి. అంటే నలుగురి వంతులూ ఒకసారి తిరిగేసరికి 5 గంటల 20 నిమిషాలు.

శనివారం మధ్యాహ్నం 12కి మొదటివాడు బయల్దేరితే ఆమె మొదటి వంతు 3.45కి వస్తుంది. రెండోది రాత్రి 9.05కి. మూడోది... అర్ధరాత్రి దాటాక 2.25కి! నాలుగోది ఆదివారం ఉదయం 7.45కి. ఆమె కూడా మిగతావాళ్ల వేగంతో తొక్కితే 24 గంటల్లో 19 చుట్లు పూర్తవుతాయి. ఆమె వేగంతో అయితే 18.

జట్టులో ఈ లెక్క వేయనివాళ్లు ఉండరు. బయటికి అనేవాళ్లు మాత్రం ఉండరు. అన్నిటికన్నా ముందు వేసుకునేది ఆమే. ఒంటరిగా ఆడే ఆటలో నెమ్మదిగా వెళితే నష్టం మనకే. ఇక్కడ ఆ ఆలస్యం గుడారంలో గడియారం చూస్తూ నిల్చున్న మరో మనిషి ఖాతాలో పడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్ల కన్నా ముందు మనసు అలిసిపోయేది అందుకే.

అయితే లెక్కకు ఇంకో వైపూ ఉంది. ఆమె దారిలో ఉన్న 95 నిమిషాలూ మిగతా ముగ్గురికీ విశ్రాంతే. ఆ అదనపు 20 నిమిషాల్లో ఒకడు తడిసిన బట్టలు మార్చుకుంటాడు, ఒకడు గిన్నెడు అన్నమో నూడుల్సో తింటాడు, ఒకడు ఇంకో కునుకు తీస్తాడు. అసలామె లేకపోతే ముగ్గురే రాత్రంతా తిరగాలి. అప్పుడు తెల్లవారుజామున వాళ్ల గంటంబావు గంటంబావుగా ఉంటుందన్న నమ్మకం లేదు.

రెండున్నరకు లేవడమంటే...

వంతు 2.25కి అంటే 2.25కి లేస్తే సరిపోదు. గాఢనిద్రలోంచి లేచిన మనిషి మెదడు పూర్తిగా పనిచేయడానికి పావుగంట నుంచి అరగంట దాకా పడుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, నిర్ణయాలు మాత్రం మందకొడిగా ఉంటాయి. రాళ్లదారిలో అది ప్రమాదం. అందుకే కనీసం ముప్పావుగంట ముందు లేపుతారు. పైగా అర్ధరాత్రి రెండు నుంచి అయిదు దాకా శరీర ఉష్ణోగ్రత రోజు మొత్తంలోనే తక్కువగా ఉండే వేళ. శరీరం 'పడుకో' అని గట్టిగా చెప్పేదీ అప్పుడే. ఎడారిలో పగటి ఎండ చూసి మోసపోకూడదు. ఫిబ్రవరి రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది.

తిండిదీ అదే తంతు. కష్టపడి తొక్కితే కండరాల్లో నిల్వ ఉన్న పిండిపదార్థం రెండు గంటలకు మించి రాదు. అందుకే సైకిలు మీద ఉన్నప్పుడు గంటకు 30 నుంచి 60 గ్రాముల దాకా పిండిపదార్థాలు తీసుకోమంటారు నిపుణులు. అర్ధరాత్రి పొట్టేమో వద్దంటుంది. ఉదయం నుంచీ తీపి తిని తిని నాలుక మొద్దుబారి ఉంటుంది. ఆ సమయంలో ఉడికించిన ఉప్పు బంగాళదుంప ముక్కో, వేడివేడి సూపో ఇచ్చినవాళ్లు దేవుళ్లలా కనిపిస్తారు.

ఇక వెలుతురు. ఈ ఆట మొదలైన రోజుల్లో హాలోజన్ బల్బులు, నీళ్ల సీసా అంత బ్యాటరీలు మోసుకుని తిరిగేవారు. చుట్టు పూర్తయ్యేదాకా ఛార్జింగ్ ఉంటుందో లేదోనన్న భయం వేరే. ఎల్‌ఈడీలు, లిథియం బ్యాటరీలు వచ్చాక ఆ బెంగ తగ్గింది. అయినా లైట్లు రెండు ఉండాలి. ఒకటి హ్యాండిల్ మీద, ఒకటి హెల్మెట్ మీద. తల ఎటు తిప్పితే హెల్మెట్ లైటు అటు వెలుగుతుంది, మలుపు ముందే కనిపిస్తుంది. కానీ ఆ వెలుతురు కంటి చూపు వెంటే వెళుతుంది కాబట్టి రాయి నీడ కనపడదు. నీడ లేకపోతే రాయి ఎంత ఎత్తుందో, గుంట ఎంత లోతుందో తెలియదు. కిందినుంచి పడే హ్యాండిల్ లైటు ఆ నీడల్ని చూపిస్తుంది. చీకట్లో దారి చూపేది వెలుగొక్కటే కాదు, నీడ కూడా!

చివరి మాట... నిద్ర లేపే మనిషి గురించి. అలారాలు ఎన్ని ఉన్నా ఈ పని మనిషికే అప్పగిస్తారు. అప్పుడే చుట్టు ముగించి, ఒళ్లంతా దుమ్ముతో వచ్చినవాడు ముందు తన దుప్పట్లోకి దూరడు. తర్వాతి తర్వాతివాణ్ని తట్టి లేపి, దారిలో ఎక్కడ ఇసుక పెరిగిందో, ఏ మలుపులో రాయి కదిలిందో చెప్పి అప్పుడు పడుకుంటాడు.

నలుగురి పేరుతో ఒక్కడు

ఇంత కష్టం ఉన్న ఈ పందెంలో 1996లో ఓ విచిత్రం జరిగింది. కనేన్ పోటీకి అప్పట్లో జట్లే రావాలి. జాన్ స్టామ్‌స్టాడ్ అనే సైక్లిస్టుకు మాత్రం ఒంటరిగా తొక్కాలని కోరిక. నిబంధన ఒప్పుకోదు. దాంతో తన పేరునే నాలుగు రకాలుగా మార్చి రాసి, నలుగురు సభ్యుల జట్టుగా నమోదు చేసుకున్నాడు! 24 గంటలూ నాలుగు వంతులూ తనే తొక్కాడు. ఆ తర్వాత ఈ పోటీల్లో ఒంటరివాళ్లకు ప్రత్యేక విభాగమే వచ్చింది.

వినడానికి జట్టు కన్నా ఇదే గొప్పగా అనిపిస్తుంది. నిజంగానే అది అసాధారణమైన పట్టుదల. అయితే ఒంటరివాడికి ఒక వెసులుబాటు ఉంది. ఆగాలనుకుంటే ఆగొచ్చు. నెమ్మదించాలనుకుంటే నెమ్మదించొచ్చు. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. జట్టు మనిషికి ఆ వీల్లేదు. చెప్పిన వేళకు సిద్ధంగా ఉండాలి. అంతకన్నా కష్టమైంది ఇంకోటుంది... తన వంతు కానప్పుడు ఊరికే ఉండటం! మన ఇళ్లలో ఆడవాళ్లు పాడుకునే 'ఊర్మిళాదేవి నిద్ర' గుర్తుందా? అన్నకు కాపలాగా లక్ష్మణుడు పద్నాలుగేళ్లు మేలుకుంటే, అతని వంతు నిద్ర కూడా ఊర్మిళ పోయిందంటారు. నిద్రపోవడమూ ఒక బాధ్యతే అని మనవాళ్లు ఎప్పుడో చెప్పారన్నమాట. రిలేలో అనుభవం లేనివాళ్లు చేసే మొదటి పొరపాటు కూడా అదే. ఉత్సాహంలో మొదటి సాయంత్రమంతా కేకలు వేస్తూ నిలబడి, తమ రాత్రి వంతుకు కాళ్లు మిగుల్చుకోరు.

కొన్ని జట్లు దీనికి ఓ ఉపాయం చేస్తాయి. రాత్రి ఒక్కొక్కరూ వరసగా రెండేసి చుట్లు తిరుగుతారు. తొక్కేవాడికి నరకమే కానీ, మిగిలినవాళ్లకు నాలుగు గంటల బదులు ఏడెనిమిది గంటల విరామం దొరుకుతుంది. ఎవరికి ఏది నయమన్నది ఒక రాత్రి గడిస్తే గానీ తేలదు.

రావాల్సిన మనిషి రాకపోతే...

మన జట్టులోకి వద్దాం. ఆమె 2.25కి బయల్దేరింది. 4 గంటలకు రావాలి. మొదటివాడు 3.50కే హెల్మెట్ పెట్టుకుని మార్పిడి గుడారంలో నిల్చున్నాడు. తర్వాతివాళ్ల చేతికి అందించాల్సింది చిన్న కర్రముక్క. కొన్ని పోటీల్లో కాలికి కట్టుకునే టైమింగ్ చిప్. అది అందనిదే అడుగు కదలకూడదు. 4 అయింది. 4.10 అయింది. దూరంగా ఏ లైటు కనిపించినా మెడ సాగుతుంది. దగ్గరికొస్తే వేరే జట్టు నంబరు.

ఏమై ఉంటుంది? గొలుసు తెగిందా? టైరు కోసుకుపోయిందా? పడిందా? చాలా పోటీల్లో దారి మధ్యలో బయటివాళ్లు సాయం చేయకూడదు. తన దగ్గరున్న పనిముట్లతో తనే బాగుచేసుకోవాలి, కుదరకపోతే సైకిలు నడిపించుకుంటూనో మోసుకుంటూనో రావాలి. చివరి బస్సులో వస్తానన్న మనిషి కోసం అరుగు మీద కూర్చున్న ఇంటివాళ్లకు తెలిసిన బాధే ఇది. ఆ పావుగంటలో మొదటివాడి మనసులోంచి 18, 19ల లెక్క ఎప్పుడు జారిపోయిందో అతనికే తెలియదు. మనిషి వస్తే చాలనిపిస్తుంది.

4.12కి వస్తుంది. మోకాలి కింద దువ్వెనకు కూడా చిక్కని ముళ్లు నాలుగైదు. 'ఆలస్యమైంది' అనబోతుంది. అతను వినిపించుకోడు. కర్ర అందుకుని అప్పటికే చీకట్లోకి వెళ్లిపోయాడు. జట్టులో క్షమాపణలకు, ఓదార్పులకు టైముండదు. అదీ ఒకందుకు మంచిదే.

అన్నదమ్ముల వంతు

మన దేశానికి ఈ వంతుల సైకిలు గురించి గట్టిగా తెలిసింది 2015లో. కొండదారిలో కాదు, రోడ్డు మీద. నాసిక్‌కు చెందిన వైద్య సోదరులు హితేంద్ర మహాజన్, మహేంద్ర మహాజన్ అమెరికాలో ఆ కొస నుంచి ఈ కొసకు సాగే 'రేస్ ఎక్రాస్ అమెరికా'లో ఇద్దరు సభ్యుల జట్టుగా దిగారు. పసిఫిక్ తీరం నుంచి అట్లాంటిక్ వైపు, 4,800 కిలోమీటర్ల దూరం. గడువు తొమ్మిది రోజులు. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు వెంట వచ్చే వాహనంలో విశ్రాంతి. ఎడారులు, రాకీ పర్వతాలు, మైదానాలు దాటి గడువులోపే పూర్తిచేశారు. రెండేళ్లకు, 2017లో సైనిక వైద్యుడు శ్రీనివాస్ గోకుల్‌నాథ్, నాగ్‌పూర్ వైద్యుడు అమిత్ సమర్థ్ అదే దూరాన్ని ఒంటరిగా ముగించారు. వంతులతో వెళ్లినవాళ్లు వేసిన బాటలోనే ఒంటరివాళ్లు నడిచారన్నమాట!

పదకొండూ యాభైకి...

ఆదివారం ఉదయం. రాత్రి పోగొట్టుకున్న పన్నెండు నిమిషాల్ని తెల్లవారాక అందరూ తలా కాస్త రాబట్టుకున్నారనుకుందాం. సూర్యుడు వచ్చాక అలిసిన కాళ్లకు కూడా ఎక్కడినుంచో బలం వస్తుంది. ఈ ఆట ఆడినవాళ్లంతా చెప్పే మాట ఇది. రెండోవాడు 18వ చుట్టు ముగించుకుని వస్తున్నాడు. గడియారం 11.50.

ఇక్కడే ఉంది అసలు తిరకాసు. 12లోపు గీత దాటితే ఇంకొకరు బయల్దేరొచ్చు. గడువులోగా తిరిగొస్తే ఆ చుట్టూ లెక్కలోకి వచ్చే పోటీలున్నాయి. అదే 12 దాటాక వస్తే పందెం ముగిసినట్టే. అందుకే గీతకు ఇవతలే సైకిలు దిగి, 12 కొట్టేదాకా కబుర్లు చెప్పుకుంటూ నిలబడే జట్లూ కనిపిస్తాయి. తప్పేం కాదు. ఒంట్లో ఏమీ మిగలనప్పుడు పది నిమిషాలు ఆగడమూ తెలివైన పనే.

మన జట్టులో వంతు మూడోవాడిది. పొద్దున పడిన దెబ్బకు మోకాలు బూరెలా వాచింది. లేవలేడు. మొదటివాడు గంట కిందటే వచ్చాడు, కూర్చున్నచోటే నిద్రపోతున్నాడు. ఇద్దరూ 'ఆగిపోదాం, చాలు' అనే స్థితిలోనే ఉన్నారు. ఆమె మాత్రం బూట్లు కట్టుకుంటోంది. ఎవరూ అడగలేదు. 95 నిమిషాలు కాదు, రెండు గంటలు పట్టినా సరే, అది పంతొమ్మిదో చుట్టు.

ఆ చుట్టు వల్ల జట్టుకు బహుమతి రాదు. మొదటి మూడు స్థానాలు ఎప్పుడో ఖాయమైపోయి ఉంటాయి. ఈ పోటీలకు వచ్చే వందల జట్లలో ఎక్కువ శాతం ఖాళీ చేతులతోనే ఇంటికి వెళతాయి. సోమవారం పొద్దున్నే ఆఫీసు, పిల్లల బడి, మామూలే.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఆమె తిరిగొచ్చేసరికి గుడారాల ఊరు సగం ఖాళీ. ఈ జట్టు టెంటు కూడా మడిచేశారు. నాలుగు కుర్చీలు మాత్రం అలాగే ఉంచారు. శనివారం మధ్యాహ్నం 12 నుంచీ ఆ కుర్చీల్లో ఎప్పుడు చూసినా ఒకటి ఖాళీయే. ముగ్గురుంటే నాలుగో మనిషి దారిలో. ఇన్ని గంటలు కలిసి ఆడినవాళ్లు ఒక్క ఫొటోలో కూడా నలుగురూ కలిసి లేరు. మూడోవాడు మోకాలికి ఐసు పెట్టుకుంటూనే నాలుగో పళ్లెం వడ్డిస్తున్నాడు.